పార్కు పని: మొక్కల కంటే ముందు నేల

ఈ నెల పార్కులో కొత్త మొక్క ఒక్కటి కూడా నాటలేదు. పనంతా నేల మీదే. సాయంత్రం నడకకు వచ్చేవాళ్లు "మొక్కలెప్పుడు పెడతారు?" అని అడుగుతూనే ఉన్నారు. పెడతాం. కానీ నీళ్లు ఇంకని నేలలో నాటి, అవి కళ్లముందే వాడిపోతుంటే చూడటం నావల్ల కాదు.

నేల ఎంత గట్టిపడిందో తెలుసుకోవడానికి చేసిన పరీక్ష తేలికైనదే. 30 సెంటీమీటర్ల లోతు, అంతే వెడల్పు గుంట తవ్వి నీళ్లు నింపాలి. పూర్తిగా ఇంకాక మళ్లీ నింపి, గంటలో నీటిమట్టం ఎంత తగ్గిందో స్కేలుతో చూడాలి. మొదటిసారి పొడిమట్టి గబగబా పీల్చేస్తుంది కాబట్టి రెండోసారి వచ్చిందే అసలు లెక్క. గంటకు 2.5 సెంటీమీటర్లకు తగ్గకుండా దిగితే చాలా మొక్కలకు ఫర్వాలేదు. గేటు పక్కన పొదల దగ్గర అలాగే దిగింది. బెంచీల ముందు, జనం అడ్డదారిగా నడిచే చోట మాత్రం నీళ్లు కదలనే లేదు. తొక్కిడికి మట్టిలోని సందులు మూసుకుపోతే నీళ్లే కాదు, గాలి కూడా లోపలికి పోదు. వేళ్లకూ గాలి కావాలి.

ఆ అడ్డదారికి కంచె వేద్దామని కొందరన్నారు. నేను ఒప్పుకోలేదు. రోజూ అంతమంది అటే నడుస్తున్నారంటే అక్కడ దారి కావాలనే కదా! పార్కు చూసే అధికారుల అనుమతి తీసుకుని దాన్నే బాటగా చేసి చెక్కముక్కలు పరిచాం. ఇప్పుడు అందరూ ఆ బాట మీదే నడుస్తున్నారు. పక్కనున్న ఖాళీ జాగాను పలుగుతో గుల్ల చేసి కంపోస్టు కలిపాం.

పెద్ద చెట్ల కింద మాత్రం తవ్వకం పెట్టుకోలేదు. నీళ్లు, పోషకాలు పీల్చే సన్నటి వేళ్లు ఎక్కువగా పైపొరలోనే ఉంటాయి, కొమ్మల అంచు దాటి కూడా పాకుతాయి. పలుగు దింపితే తెగేవి అవే. అందుకే పైపైన పలచగా కంపోస్టు చల్లి, దాని మీద 5 నుంచి 8 సెంటీమీటర్ల మందాన ఎండుటాకులు కప్పాం. మిగతా పని వానపాములు చూసుకుంటాయి. ఆకులు కాండానికి ఆనకుండా జానెడు ఖాళీ వదలాలి, లేకపోతే తడి నిలిచి బెరడు కుళ్లుతుంది. ఇదివరకు నాటిన మొక్కల్లో కొన్నిటికి ఊతకర్ర కట్టిన తీగ కాండంలోకి దిగబడిపోతోంది. మొక్క తనంతట తాను నిలబడగలిగిన చోటల్లా వాటిని విప్పేశాం.

నాకు ఎక్కువ సంతోషం కలిగించింది ఆకుల సంగతి. ఊడ్చిన ఆకుల్ని తగలబెట్టడం ఆగింది. మీటరు వెడల్పున జాలీ తొట్టి కట్టి అందులో వేస్తున్నాం. ఒట్టి ఎండుటాకులైతే మాగడానికి ఏడాది పైనే పడుతుంది. కోసిన పచ్చిగడ్డిని మధ్యమధ్య పొరలుగా వేస్తే ఆ నత్రజనితో త్వరగా అవుతుంది. గుప్పెడు తీసి పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, ధార కడితే తడి ఎక్కువైనట్టు.

వానలు పడ్డాక అవే చోట్ల మళ్లీ గుంట పరీక్ష చేస్తాను. నీళ్లు దిగిన చోట ముందు నీడనిచ్చే చెట్లు, అవీ బెంచీలకు పడమటి పక్కన. సాయంత్రం ఎండకు పెద్దవాళ్లు అక్కడ కూర్చోలేకపోతున్నారు.