నలభై కేజీల రాయి

సంక్రాంతికి మా ఇంట్లో పేకాట కంటే చిక్కు లెక్కల దగ్గరే గొడవ ఎక్కువ. భోజనాలయ్యాక మేడ మీద బావ జట్టు, అక్క జట్టు అని విడిపోతాం. ఫోన్లన్నీ పిన్ని స్వాధీనం. జవాబు ఒక్కటే చెబితే చాలదు, అదెలా వచ్చిందో అవతలి జట్టును ఒప్పించాలి.

ఈసారి అందరినీ ఏడిపించింది పాత లెక్కే. 40 కేజీల రాయి కిందపడి నాలుగు ముక్కలైంది. ఆ ముక్కలతో తక్కెడలో 1 నుంచి 40 దాకా ఎన్ని కేజీలైనా తూచొచ్చు. ఏ ముక్క ఎంత?

బావ ఆగుతాడా, 1, 2, 4, 8 అనేశాడు. మొత్తం కలిపినా 15 కదయ్యా! కిటుకంతా సరుకున్న పళ్ళెంలో కూడా రాయి వేయడంలో ఉంది. రెండు కేజీలు కావాలంటే ఇటు 3, సరుకు పక్కన 1. ఐదుకైతే ఇటు 9, అటు 3, 1. అక్క కూతురు అలా కాగితం మీద గీసుకుంటూ 1, 3, 9, 27 తేల్చింది. ఫ్రాన్స్‌లో బాషే అనే గణితజ్ఞుడు 1612లోనే అచ్చేసిన లెక్క ఇది.

బావ మాత్రం ఒప్పుకోడే. “సరుకు పక్కన రాళ్ళేసే కొట్లో ఎవరు కొంటారే?” అంటాడు. అదీ నిజమే, నేనైతే కొనను.