తారు ట్రాక్ మీద 1/10 ఫార్ములా కారు: స్ప్రింగు జోలికి వెళ్లేముందు

రిమోట్ ఫార్ములా కారు తోక జారుతోందంటే అందరి చెయ్యీ ముందు స్ప్రింగుల డబ్బా మీదకే వెళ్తుంది. నా లెక్కలో అది నాలుగో పని. మొదటిది ట్వీక్, రెండోది టైర్లు, మూడోది డిఫ్ (రెండు వెనక చక్రాలూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్). ఈ మూడూ సరిగా లేని కారుకి ఏ స్ప్రింగు వేసినా ఒక మలుపు బాగుపడి ఇంకో మలుపు చెడుతుంది.

ఇక్కడ చెప్పేది రబ్బరు టైర్లు, 2ఎస్ లైపో (రెండు సెల్లుల లిథియం పాలిమర్ బ్యాటరీ), వెనక చక్రాల డ్రైవ్ ఉన్న 1/10 కార్ల గురించి, అంటే అసలు కారులో పదో వంతు సైజువి. వీటిలో వెనక భాగం రెండు రకాలు. టామియా ఎఫ్103, ఎఫ్104 లాంటి వాటిలో చాసిస్‌నీ, మోటారూ వెనక ఇరుసూ ఉండే మోటార్ పాడ్‌నీ కలిపేది టీ-బార్ అనే పలుచని ప్లేటు. అది వంగడమే సస్పెన్షన్. ఎక్స్‌రే ఎక్స్1 లాంటి వాటిలో ప్లేటు ఉండదు. రెండు సైడ్ లింకులు, మధ్యలో ఒక బాల్, అటూ ఇటూ సైడ్ స్ప్రింగులు. తారు మీద సెటప్ చేయడానికి లింకు కారే తేలిక. గతుకులో పాడ్ ఎంత ఊగాలో, ఎంత వేగంగా ఊగాలో విడివిడిగా పెట్టుకోవచ్చు. టీ-బార్ కారు ఉన్నవాళ్లు నిరుత్సాహపడక్కర్లేదు. కార్బన్ ప్లేటు తీసి ఫైబర్ గ్లాసుది వేసినా, పివట్ దగ్గర ఓ-రింగుల్ని నొక్కే నట్టు కొంచెం వదులు చేసినా వెనక చాలా మెత్తబడుతుంది.

ట్వీక్ అంటే కారు నాలుగు కాళ్ల పీటలా సమంగా నిలబడకపోవడం. కుడి మలుపులో గిర్రున తిరిగిపోయి, ఎడమ మలుపులో ముక్కు తిరగకుండా నేరుగా పోతుంటే అనుమానం అక్కర్లేదు, అదే. అద్దం ముక్క మీదో గ్రానైట్ గట్టు మీదో కారు పెట్టండి. బ్యాటరీ, బాడీ, రెక్కలు అన్నీ ఉండాలి. డ్యాంపర్ ట్యూబులు (పాడ్ పక్కకి ఊగే వేగాన్ని తగ్గించే, లోపల నూనె రాసిన గొట్టాలు) మాత్రం ఒక చివర విప్పేయండి, లేకపోతే వాటి జిగురు తప్పుడు లెక్క చూపిస్తుంది. పాడ్‌ని రెండు మూడు సార్లు అటూ ఇటూ ఊపి వదలండి. ఇప్పుడు చాకు మొన ముక్కు కింద సరిగ్గా మధ్యలో పెట్టి మెల్లగా ఎత్తండి. రెండు ముందు చక్రాలూ ఒకేసారి లేవాలి. ఎడమది ముందు లేచిందంటే దాని మీద బరువు తక్కువ ఉన్నట్టు. ఎడమ ముందు చక్రానికి జత కుడి వెనకది, కాబట్టి కుడి సైడ్ స్ప్రింగు స్క్రూ పావు చుట్టు బిగించండి, లేదా ఎడమది అంత వదలండి. మళ్లీ ఊపి మళ్లీ ఎత్తండి. మూడు నాలుగు పావు చుట్లు తిప్పినా దారికి రాలేదంటే తప్పు స్క్రూలో లేదు. సైడ్ లింకులు రెండూ ఒకే పొడవు లేకపోవడం, బ్యాటరీ ఒక పక్కకి జరగడం, పై డెక్కు (చాసిస్ పైన ఉండే రెండో ప్లేటు) స్క్రూలు కారు వంకరగా ఉన్నప్పుడు బిగించడం, ఈ మూడింట్లో ఒకటి. డెక్కు స్క్రూలన్నీ వదులు చేసి, చాసిస్‌ని అద్దం మీద చేత్తో అదిమిపట్టి, ఎదురెదురుగా ఉన్నవి ఒకటి తర్వాత ఒకటి బిగిస్తే చాలాసార్లు అక్కడితో సరి.

టైర్ల దగ్గర ఒకటే సూత్రం: వెనక మెత్తన, ముందు గట్టి. రెండింటికీ ఒకే కాంపౌండ్ (రబ్బరు మిశ్రమం) వేస్తే ముందు పట్టు ఎక్కువై తోక నిలవదు. రిమ్ముకి పలుచటి సూపర్ గ్లూతో చుట్టూ అతికించాలి, రెండు పక్కలా. అర సెంటీమీటరు ఊడినా మలుపులో టైరు మడతపడుతుంది, డ్రైవర్‌కి అది డిఫ్ జారినట్టు అనిపిస్తుంది. ట్రాక్‌లో సాస్ (పట్టు పెంచడానికి టైరుకి రాసే ద్రవం) అనుమతిస్తే వెనక టైర్లకి పూర్తి వెడల్పు, ముందువాటికి లోపలి సగం మాత్రమే. ఇరవై నిమిషాలు ఉంచి, పొడిగుడ్డతో తుడిచి దింపాలి. ముక్కు తిరగకపోతే స్ప్రింగు మార్చకుండా ముందు టైర్ల సాస్ వెడల్పు సగం నుంచి మూడొంతుల్లో రెండొంతులు చేసి చూడండి. ఒక్క నిమిషం పని.

మన ఎండల సంగతి వేరే చెప్పాలి. ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో తారు ఉపరితలం 50 డిగ్రీలు సునాయాసంగా దాటుతుంది. ఆ వేడికి మెత్తటి రబ్బరు మీద ఉండలు లేస్తాయి, నాలుగో నిమిషానికి కారు సబ్బు మీద నడిచినట్టుంటుంది. అప్పుడు ఒక మెట్టు గట్టి కాంపౌండ్ వేసి, సాస్ నానబెట్టే సమయం సగానికి తగ్గించాలి. పొద్దున చల్లటి ట్రాక్ మీద కుదిరిన సెటప్‌ని మధ్యాహ్నం నమ్మకండి. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు ఎలాగూ మోటార్ కోసం కొంటారు, దాన్నే నేల మీదకీ చూపించి పుస్తకంలో రాసుకోండి.

బాల్ డిఫ్‌కి (రింగుల మధ్య చిన్న బంతులుండే డిఫ్) పరీక్ష చేత్తోనే. రెండు వెనక చక్రాలూ గట్టిగా పట్టుకుని స్పర్ గేరుని (వెనక ఇరుసు మీది పెద్ద పళ్ల చక్రాన్ని) బొటనవేలితో నెట్టండి. కదలకూడదు. తర్వాత స్పర్ పట్టుకుని ఒక చక్రం తిప్పితే రెండోది ఎదురుదిక్కుకి నూనె మీద తిరిగినట్టు తిరగాలి. ఇసుక నమిలినట్టు ఉంటే విప్పాలి. రింగుల్ని 600 నంబరు ఎమరీ కాగితం మీద గుండ్రంగా రుద్ది మెరుపు పోగొట్టి, క్లీనర్‌తో కడిగి, బంతులకి డిఫ్ గ్రీజు అంటీ అంటనట్టు రాయండి. ఎక్కువ రాస్తే పట్టు పోతుంది. బిగింపు ఒకేసారి పూర్తిగా వద్దు. కొంచెం బిగించి రెండు నిమిషాలు నెమ్మదిగా నడిపి మళ్లీ ఎనిమిదో వంతు చుట్టు. వదులుగా వదిలేస్తే జారి వేడెక్కి స్పర్‌లోని బంతుల గూళ్లు కరుగుతాయి. మరీ బిగిస్తే రింగుల మీద గాడి పడి, మలుపు నుంచి బయటికి వచ్చేటప్పుడు తోక ఉన్నట్టుండి విసురుతుంది.

ఇప్పుడు ఎత్తు, అంటే నేలకీ చాసిస్ అడుగుకీ మధ్య ఖాళీ. కార్పెట్ మీద నడిపినవాళ్లు ఆ ఎత్తుతోనే తారు మీదకి వచ్చి చాసిస్ అడుగు గీకించుకుంటారు. ముందు 4.5, వెనక 5 మిల్లీమీటర్ల నుంచి మొదలుపెట్టండి. నేల నునుపుగా ఉంటే అర మిల్లీమీటరు దించొచ్చు. ముందు కాంబర్ (చక్రం పైభాగం లోపలికి వాలే కోణం) మైనస్ 1.5 నుంచి 2 డిగ్రీలు, టో (పైనుంచి చూస్తే చక్రాల ముందంచు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) సున్నా లేదా ఒక డిగ్రీ బయటికి. కాంబర్ సరిపోయిందో లేదో టైరే చెప్తుంది: పది నిమిషాలు నడిపాక అరుగుదల వెడల్పంతా ఒకేలా ఉండాలి. లోపలి అంచు కోన్‌లా అరిగితే కాంబర్ ఎక్కువైంది. కాస్టర్ (ముందు చక్రం అటూ ఇటూ తిరిగే నిలువు కడ్డీ, అంటే కింగ్‌పిన్, వెనక్కి వాలే కోణం) పెంచితే నేరుగా పోయేటప్పుడు కారు నిలకడగా ఉంటుంది, మలుపులోకి దూరేటప్పుడు ముక్కు బద్ధకిస్తుంది.

కింగ్‌పిన్‌లకి చిక్కటి సిలికాన్ నూనె, 10,000 సీఎస్‌టీ (నూనె చిక్కదనం కొలత) దాకా, ఒక చుక్క చాలు. పొడిగా ఉన్న కింగ్‌పిన్ మీద స్టబ్ (చక్రాన్ని మోసే ముక్క) ఒకసారి ఆగి ఒకసారి జారుతుంది, గతుకుల దగ్గర ముక్కు వణుకుతుంది. కింగ్‌పిన్ స్ప్రింగు మెత్తనైతే ముందు పట్టు పెరుగుతుంది, గట్టిదైతే తగ్గుతుంది. తారు మీద మెత్తటి దానితోనే మొదలుపెట్టడం మేలు.

వెనక మూడు భాగాలున్నాయి, మూడింటి పనులూ వేరు. వాటిని కలగాపులగం చేయడం వల్లే గంటలు పోతాయి. మధ్య షాక్ చూసేది ముందూ వెనకా ఊగడం, అంటే థ్రాటిల్ ఇచ్చినప్పుడు వెనక కుంగడం, వదిలినప్పుడు లేవడం. సైడ్ స్ప్రింగులు చూసేది పక్కకి ఎంత ఒరగాలన్నది. ట్యూబులు చూసేది ఆ ఒరగడం ఎంత వేగంగా జరగాలన్నది. థ్రాటిల్ తెరిచినప్పుడు తోక జారుతుంటే మధ్య స్ప్రింగు మెత్తన చేయాలి. మలుపు నడిమధ్యలో, థ్రాటిల్ స్థిరంగా ఉన్నప్పుడు జారుతుంటే సైడ్ స్ప్రింగులు మెత్తన. కుడీ ఎడమా వెంటవెంటనే వచ్చే చోట మాత్రమే కారు అదుపు తప్పుతుంటే ట్యూబుల్లో నూనె పలుచనైంది, చిక్కన చేయాలి. గతుకుల మీద తోక గెంతుతుంటే అదే నూనె మరీ చిక్కనైపోయింది. మధ్య షాక్‌కి 350 నుంచి 450 సీఎస్‌టీ, ట్యూబులకి 5,000 నుంచి 10,000 మొదలు పెట్టదగిన అంకెలు. ట్యూబు లోపల పలుచని పొర చాలు. నింపేస్తే నూనె బయటికి వచ్చి ధూళి పట్టి, సాయంత్రానికి అది పేస్టవుతుంది.

డ్రూప్‌ని చాలామంది పట్టించుకోరు. చాసిస్ మధ్యలో పట్టి ఎత్తితే వెనక చక్రాలు నేల వదిలే లోపు అది లేచే ఎత్తే డ్రూప్. 1 నుంచి 1.5 మిల్లీమీటర్లు ఉంటే గతుకుల్లో టైరు నేలని వదలదు. ఎక్కువ పెడితే థ్రాటిల్ వదలగానే బరువంతా ముందుకి వచ్చి ముక్కు మరీ చురుగ్గా తిరుగుతుంది. బ్రేకు వేస్తూ మలుపులోకి దూరేటప్పుడు తోక తిరిగిపోయే కారుకి మొదట డ్రూప్ తగ్గించి చూడండి.

గేరింగ్‌కి రోలౌట్ (మోటార్ ఒక్క చుట్టుకి కారు నడిచే దూరం) చూడాలి, పళ్ల లెక్క కాదు, ఎందుకంటే టైరు అరిగేకొద్దీ అదే గేరు కురచవుతుంది. ఉదాహరణకి స్పర్ 84, పినియన్ (మోటార్ మీది చిన్న గేరు) 32 అయితే నిష్పత్తి 2.625. వెనక టైరు వ్యాసం 61 మిల్లీమీటర్లైతే చుట్టుకొలత 191.6, దాన్ని 2.625తో భాగిస్తే మోటార్ ఒక్క చుట్టుకి కారు 73 మిల్లీమీటర్లు నడుస్తుంది. టైరు 59కి అరిగితే అదే పళ్లతో 70.6. ఆ 2.4 తిరిగి రావాలంటే పినియన్ ఒక పన్ను పెంచాలి. మీ ట్రాక్‌లో అదే మోటార్ వాడేవాళ్ల అంకె అడిగి, దానికంటే కొంచెం కురచగా మొదలుపెట్టి, అయిదు నిమిషాల తర్వాత మోటార్ వేడి చూసి పెంచుకుంటూ పోండి. 80 డిగ్రీలు దాటనివ్వకండి.

రెక్కలు అలంకారం కాదు. పొడవాటి స్ట్రెయిట్ ఉన్న తారు ట్రాక్‌లో వెనక రెక్క ఒక మెట్టు నిలువు చేస్తే వేగపు మలుపుల్లో తేడా అప్పటికప్పుడు తెలుస్తుంది, స్ట్రెయిట్‌లో కొంత వేగం పోతుంది. చిన్న మలుపుల్లో ఏమీ మారదు, కాబట్టి హెయిర్‌పిన్‌లో జారే తోకకి రెక్క మందు కాదు. ముందు రెక్కకి అంచుల కింద నైలాన్ పోగులున్న టేపు అతికిస్తే గోడ తగిలినప్పుడు చీలదు.

గోడ తగిలాక ట్వీక్ పరీక్ష మళ్లీ మొదటి నుంచి. కింగ్‌పిన్‌లు తీసి అద్దం మీద దొర్లించండి, వంగినది టకటకమంటూ దొర్లుతుంది. దాన్ని సుత్తితో సరిచేయాలని చూడకండి, మార్చేయండి. సర్వో సేవర్ (దెబ్బ తగిలినప్పుడు స్టీరింగ్ మోటారుని కాపాడే స్ప్రింగు భాగం) కూడా ఒకసారి చేత్తో అటూ ఇటూ లాగి చూడండి. రిమోట్‌లో స్టీరింగ్ ట్రిమ్ తిప్పినా నేరుగా పోని కారులో సగం సార్లు తప్పు దాని దగ్గరే దొరుకుతుంది.