దుబ్బుల్లో దిగే విమానం

పొద్దున్నుంచీ ముసురే. కరెంటు రెండుసార్లు పోయి వచ్చింది. ఆదివారం కాబట్టి ఎటూ వెళ్ళే పని లేదు, మళ్ళీ అదే గొడవ ముందేసుకుని కూర్చున్నాను. రిమోట్‌తో ఎగరేసే బొమ్మ విమానాల్లో ఈసారి ఏది కట్టాలి?

మూడేళ్ళుగా ఫోమ్ ట్రైనర్ ఎగరేస్తున్నా, అంటే నేర్చుకునేవాళ్ళ కోసం చేసిన తేలికపాటి ఫోమ్ విమానం. మంచిదే పాపం, భయమేసి రిమోట్ మీది స్టిక్స్ వదిలేస్తే దానంతటదే సర్దుకుంటుంది. ఆ మంచితనమే ఇప్పుడు విసుగు పుట్టిస్తోంది. దాని రెక్క అడుగున బల్లపరుపుగా ఉంటుంది, అందుకని తలకిందులు చేస్తే కిందికి జారిపోతూ ఉంటుంది, స్టిక్ గట్టిగా తోసి పట్టుకోవాలి. పాత విన్యాసాల మోడళ్ళకైతే రెక్క పైనా కిందా ఒకే వంపు. ఎటు తిప్పి వదిలితే అటే పోతాయి. తప్పు తిప్పినా అంతే, సర్దుకోవడం ఉండదు, సర్దాల్సింది మనమే.

ఆ పాత మోడళ్ళలో మనసంతా కురారే అనేదాని మీదే ఉంది. 1977లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జరిగిన రిమోట్ విమానాల విన్యాసాల ప్రపంచ పోటీల్లో ఆస్ట్రియా వాడు హానో ప్రెట్నర్ గెలిచింది దానితోనే. తోక రెక్కలు రెండూ కిందికి వాలి ఉంటాయి, గాల్లోకి లేచాక చక్రాలు లోపలికి ముడుచుకుంటాయి, ఫోటో చూస్తేనే ప్రాణం లేచొస్తుంది. రెండోది జో బ్రిడి గీసిన కేయాస్. పెద్ద అందగత్తేం కాదు. ఐదడుగుల రెక్క, సాదా కట్టుబడి, కావాలంటే చక్రాలు ముడవకుండా లావు తీగ కాళ్ళతోనే వదిలేయొచ్చు.

పొద్దుటి టీ టైముకి బాబాయ్ దగ్గరికి వెళ్ళాను, వేసవిలో చేను వాడుకుంటానని ముందే చెప్పి ఉంచుదామని.

"పోయినేడు నా చేలో ముక్కు గుచ్చుకుంది, అదేనేంట్రా?"

"కాదు బాబాయ్, ఈసారి పెద్దది. ఐదడుగులు."

"అయితే గట్లు తీయించెయ్యమంటావా?"

నవ్వాను గానీ ఇంటికొచ్చేదాకా ఆ మాటే తిరిగింది బుర్రలో. మా కోనసీమలో ఎటు చూసినా కొబ్బరిచెట్లే కదా, ఎగరేయడానికి నాకున్నది దాళ్వా కోతలయ్యాక ఏప్రిల్ నుంచి కాలవలు వదిలేదాకా ఖాళీగా ఉండే ఆ ఎకరంన్నరే, మూడు వైపులా తోటలు, నేల నిండా ఎండిన వరి దుబ్బులు. అందులో కురారే సన్నటి ముడుచుకునే కాళ్ళు ఒక్క దిగుడుకి కూడా ఆగవు. ముడుచుకునే యంత్రం విరిగితే దాంతోపాటు రెక్కలో చెక్క కూడా చీలిపోతుంది. సరే, కేయాసే. పెద్ద చక్రాలు వేసుకుంటే అది తట్టుకుంటుంది. ఆ రోజుల్లో వీటికి పది సీసీ ఇంజన్లు పెట్టేవాళ్ళు, మెథనాలు కలిపిన ఆ ఇంధనం కోసం ఎక్కడ తిరగను, కరెంటు మోటారూ, దానికి లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీయే పెడతాను.

మధ్యాహ్నం విమానం కట్టడానికి తెచ్చిన బాల్సా చెక్క రేకులు తూచాను. ఈ చెట్టు పుట్టిల్లు దక్షిణ అమెరికా అయినా మన బూరుగుకి చుట్టమే, తేలికదనం చూస్తే నమ్మబుద్ధేస్తుంది. ఒకే కొలత రేకుల్లో కూడా బరువు బాగా తేడా ఉంటుంది, తేలికైనవన్నీ తోకకని గుర్తుపెట్టాను. తోక పొడుగు, ముక్కు పొట్టి, అందుకే తోకలో పది గ్రాములు పెరిగితే ముక్కులో అంతకు రెండు మూడింతల సీసం పెట్టాల్సి వస్తుంది తూకం నిలవడానికి. ఈ చెమ్మకి రేకులు వంకర్లు పోతున్నాయని ప్లాస్టిక్ కవర్లో చుట్టి బీరువాలో పట్టుచీరల మీద పెట్టాను.

"ఏవండీ, చీరలకి చెక్కపొడి అంటితే మాత్రం..." అని ఆగిపోయింది మా ఆవిడ. పూర్తిచేస్తేనే నయం.

సాయంత్రం వాన కాస్త తెరిపిచ్చాక అమలాపురం వెళ్ళి ఫ్లెక్సీ షాపులో ప్లాను ప్రింటు తీయించాను. అక్కడి కుర్రాడు తిరగేసి మరగేసి చూసి, "ఏ ఫంక్షనండీ? ఫోటో లేదేంటి?" అన్నాడు. రాత్రి హాల్లో పరిచి, కొలత సరిచూసుకోవడానికని ప్లాను మూలన ఇచ్చిన పన్నెండు అంగుళాల గీత మీద టేపు పెడితే పదకొండు ముప్పావే వచ్చింది. పేజీకి సరిపడా కుదించేసినట్టున్నాడు. రేపు ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు మళ్ళీ వెళ్ళాలి, ఈసారి స్కేలు జేబులో వేసుకుని.