కళ్ళు ఆర్పమ్మా

"కళ్ళు ఆర్పమ్మా. ఇంకోసారి. ఇట్టా వెలుతురులోకి రా."

మా అంగన్‌వాడీలో బాలింత ముఖం యాప్‌లో పడితేగానీ సరుకులు ఇయ్యకూడదు. సిగ్నల్ కోసం కాసేపు వేపచెట్టు కింద, కాసేపు మెట్ల మీద. వెనక ఒక బుడ్డోడు కొంగు పట్టుకుని లాగతానే ఉండాడు. పలక మీద 'అ' రాశాడంట, మొదటిసారి. నేను తిరిగేసరికి ఎంగిలితో తుడిచేసి ఇంకేదో గీకతా ఉండాడు!

2019లో 11,500 అయిన గౌరవ వేతనం పెంచమని 2023 డిసెంబరులో మొదలుపెట్టి రాష్ట్రమంతా అంగన్‌వాడీ వాళ్ళం 42 రోజులు సమ్మె చేశాం. సమ్మె చెయ్యకూడదని ఎస్మా చట్టం పెట్టినా కదల్లేదు.

డబ్బు సంగతి అట్టుంచితే, నాకు ప్రాణం విసిగేది ఈ ఫోనుతోనే. బరువులు, ఎత్తులు, హాజరు, ఫొటోలు. పిల్లోళ్ళకి ఒక పాట నేర్పిద్దామంటే పొద్దు చాలదు.

కావలి పక్కన సెంటర్ అక్క మానేసి రొయ్యల కంపెనీకి పోతోంది. నిలబడి నిలబడి కాళ్ళు పీకతాయంట. కానీ ఇంటికొచ్చినాక ఎవరూ ఫోన్ చెయ్యరు, అది చాలే అంది. (వాట్సాప్ గ్రూప్ నుంచి మాత్రం ఇంకా బయటికి రాలేదు లెండి.)

నన్నూ రమ్మంటోంది. మా ఆయన పొమ్మనలేదు, వద్దనలేదు. జూన్ దాకా చూస్తానని చెప్పా.

రేపు సెక్టార్ మీటింగ్. రిజిస్టర్లు ఒక్కటీ పూర్తి కాలేదు.