చెరిపేసిన చెయ్యి

తల్లిదండ్రులు వచ్చీ రాగానే ఫోన్ తీసి చూపిస్తారు. "అక్కా, మాకు అచ్చం ఇలాగే కావాలి." రెండు అరచేతుల్లో గడ్డం ఆనించుకుని, కప్పలా ముడుచుకుని నిద్రపోతున్న పసికందు ఫోటో. పసికందుల ఫోటోలు తీసే ఈ పనిలోకి వచ్చి 12 ఏళ్లయింది, ఇప్పటికి ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. నా జవాబు మాత్రం మారలేదు. "అలా ఏ పాపా కూర్చోలేదమ్మా. అవి రెండు ఫోటోలు."

మొదటి ఫోటోలో ఇంకొకరు పాప మణికట్టుల్ని, మోచేతుల్ని పట్టుకుని ఉంటారు. రెండో ఫోటోకి చేతులు వదిలి, నడినెత్తి మీద వేళ్లు ఆనించి తల పట్టుకుంటారు. ఏ క్షణంలోనూ పాప మీద నుంచి చెయ్యి పూర్తిగా లేవదు. తర్వాత ఫోటోషాప్‌లో రెండిటినీ కలిపి, పట్టుకున్న చేతుల్ని చెరిపేస్తాం. అప్పుడే పుట్టిన బిడ్డ పొడవులో తలే దాదాపు నాలుగో వంతు. దాన్ని నిలబెట్టే బలం మెడకి ఇంకా రాలేదు. ఆ బరువంతా పుల్లల్లాంటి మణికట్టుల మీద వేస్తామా?

ఇంత ఖచ్చితంగా చెప్పడానికి ఒక కారణం ఉంది. కొత్తలో ఒక్కదాన్నే పని చేసుకునేదాన్ని. తొమ్మిది రోజుల బాబు బీన్ బ్యాగ్ మీద బోర్లా పడుకుని గాఢంగా నిద్రపోతున్నాడు. లెన్స్ మార్చుకుందామని ఇటు తిరిగాను. ఎక్కడో తలుపు ధడేలుమంది. బాబు ఉలిక్కిపడి రెండు చేతులూ బార్లా చాపి అంచు మీదికి జారాడు. పక్కనే కూర్చున్న వాళ్ల నాయనమ్మ ఒక్క అరచేత్తో ఆపింది. బాబు లేవనైనా లేవలేదు. ఆవిడ మాత్రం నా వైపు చూసి, "అమ్మాయ్, నువ్వు ఫోటో చూసుకుంటున్నావు సరే, బిడ్డని ఎవరు చూస్తున్నారు?" అంది. నాకు నోట మాట రాలేదు. ఆ ఉలికిపాటుని డాక్టర్లు మోరో రిఫ్లెక్స్ అంటారు, పుట్టినప్పటి నుంచి నాలుగు-ఆరు నెలల వయసు దాకా ఉంటుందని తర్వాత చదువుకున్నాను. అప్పటినుంచి బిడ్డకి చేతి దూరంలో రెండో మనిషి లేకపోతే నేను కెమెరా ముట్టుకోను. ఆ మనిషి పని బిడ్డని చూడటం ఒక్కటే. ఫోన్ చూడకూడదు, "ఎంత ముద్దుగా ఉన్నాడో" అంటూ పక్కకి తిరగకూడదు.

అందరికీ పడిపోతాడేమోనన్న భయమే ఉంటుంది. నాకు అంతకన్నా ఎక్కువ టెన్షన్ గడ్డం గురించి. తల ముందుకు వాలి గడ్డం ఛాతీకి ఆనిందంటే, సన్నగా మెత్తగా ఉండే శ్వాసనాళం మడతపడుతుంది. బిడ్డ ఏడవడు, గింజుకోడు. చూసేవాళ్లకి హాయిగా పడుకున్నట్టే ఉంటుంది. అందుకే బుట్టలో పెట్టినా, గుడ్డలో చుట్టినా గడ్డం కింద ఒక వేలు దూరేంత సందు ఉందా అని వేలు పెట్టి మరీ చూస్తాను. బోర్లా ఫోజైతే ముక్కు, నోరు బయటికి కనిపించాలి. కాలో చెయ్యో రంగు మారి నీలంగా తిరిగితే అక్కడ నొక్కుకుపోయి రక్తం సరిగా ఆడట్లేదేమో అనుకుని వెంటనే ఫోజు విప్పేస్తాను. ఫోటో ఎంత బాగా వస్తున్నా సరే.

చుట్టడంలోనూ ఒక మాట. కాళ్లు నిటారుగా చాపి బిగించకూడదు, తుంటి కీళ్లకి మంచిది కాదు. కప్ప కాళ్లలా మడుచుకునే వీలుండాలి. గదిని 27 డిగ్రీల దగ్గర ఉంచుతాను, నాకు చెమటలు కారతాయి, పర్వాలేదు. కానీ హీటర్ గాలి బిడ్డకి తిన్నగా తగలకూడదు. మధ్య మధ్య వీపు తడిమి చూస్తాను, చెమట పట్టిందంటే వేడి ఎక్కువైనట్టే.

కొమ్మకి వేలాడే ఉయ్యాల ఫోటోలు చేస్తారా అని అడుగుతారు. చేస్తాను, నేల మీద. పాప పరుపు మీదే ఉంటుంది, కొమ్మని తర్వాత అతికిస్తాను. గాజు సామాన్లు నా దగ్గర లేవు. బుట్ట అడుగున ఇసుక మూట ఉంటుంది. పై నుంచి తీసేటప్పుడు కెమెరా పట్టీ నా మెడలో ఉండాల్సిందే.

పోయిన నెల ఒక నాన్నగారు ఆ కప్ప ఫోటోనే చూపించారు. రెండు ఫోటోల కథ విని కాస్త నీరసపడ్డారు, అంతలోనే "అయితే ఆ పట్టుకునేది నేనే పట్టుకుంటా" అన్నారు. ఉంగరాలూ వాచీ తీయించి, చేతులు కడిగించి, పాప బదులు బొమ్మని పెట్టి రెండుసార్లు సాధన చేయించాను. అసలు సమయానికి ఆయన ఊపిరి బిగబట్టేశారు, పాప కన్నా ఆయన్నే ఎక్కువ గమనించాల్సి వచ్చింది. చెయ్యి మాత్రం ఇసుమంత కదల్లేదు. గళ్ల చొక్కా చేతులు మడవమని చెప్పడమొక్కటే మర్చిపోయాను. ఆ పెద్ద పెద్ద గళ్లు దుప్పటి మీద నుంచి చెరిపేసరికి రాత్రి పదకొండయింది.