ఎలుకల ఏకాగ్రతపై ప్రయోగం: అనుమతి దాకా నా అనుభవం

నల్గొండ దగ్గరి ఒక ఫార్మసీ కళాశాలలో ఎం.ఫార్మసీ ప్రాజెక్టు కోసం నేను ఎంచుకున్న అంశం, టోలీన్ ఆవిరిని పదే పదే పీల్చిన ఎలుకల్లో ఏకాగ్రత, ప్రవర్తన ఎలా మారతాయన్నది. పెయింటు థిన్నర్లలో, కొన్ని రకాల జిగురుల్లో ఉండే ద్రావణి ఇది. కొందరు పిల్లలు మత్తు కోసం పీల్చే జిగురునే వాడుకలో 'సొల్యూషన్' అంటారు. జంతు ప్రయోగాలపై 1998లో వచ్చిన నియమాల ప్రకారం కళాశాల నైతిక కమిటీ ఒప్పుకోనిదే ఒక్క ఎలుకనైనా ముట్టుకోరాదు కనుక, అనుమతి దరఖాస్తు అయిన ఫారం-బి నింపడంతోనే నా పని మొదలైంది.

మోతాదు లెక్క తేలికగానే తేలింది. ఎలుకను ఉంచే 30 లీటర్ల పెట్టెలో 2000 పీపీఎం (పది లక్షల వంతుల గాలిలో 2000 వంతులు) ఆవిరి రావాలంటే సుమారు 0.26 మిల్లీలీటర్ల టోలీన్ చాలు. అయితే ఆ ఆవిరి గాలికంటే మూడు రెట్లు బరువు కాబట్టి, అది అడుగున పేరుకోకుండా లోపల చిన్న ఫ్యాను తిరగాలి. ఎలుకల గది ఉష్ణోగ్రత 29 డిగ్రీలు దాటకూడదు. మా జిల్లా ఎండల్లో కరెంటు పోతే ఏసీ సంగతేమిటని కమిటీలోని పశువైద్యులు అడుగుతారని ముందే ఊహించి, జనరేటరు వివరాలు కూడా జతచేశాను.

అసలు చిక్కు ఏకాగ్రతను కొలవడం దగ్గర వచ్చింది. వాడుకలో ఉన్న పరీక్షలో ఐదు రంధ్రాలుంటాయి. ఏదో ఒకదానిలో అర సెకను పాటు దీపం వెలిగితే ఎలుక అక్కడ ముక్కు పెట్టాలి, పెడితే మేత గుళిక దొరుకుతుంది. దీపం వెలగకముందే ముక్కు పెడితే అది తొందరపాటు. అసలు పెట్టకపోతే మాత్రం అది పరధ్యానమో, మత్తో, ఆకలి లేకపోవడమో చెప్పలేము. కనుక సరిగ్గా పెట్టినప్పుడు గుళిక దగ్గరికి ఎంత వేగంగా వెళ్లిందో కూడా చూడాలి: ఆ వేగం తగ్గకుండా దీపాలను మాత్రం వదిలేస్తుంటే, అప్పుడే ఏకాగ్రతను అనుమానించాలి. పీల్చిన వెంటనే పరీక్షిస్తే కనిపించేది మత్తే కాబట్టి, మర్నాటి పరీక్షను విడిగా పెట్టాను. నా దృష్టిలో ఈ ప్రాజెక్టుకు ప్రాణం ఈ రెండు ఏర్పాట్లే.

కమిటీ సమావేశంలో బయటి సంస్థ నుంచి వచ్చిన శాస్త్రవేత్త, మూసిన పెట్టెలో గాలి చెడినా ఎలుక మందగిస్తుంది కదా అన్నారు. టోలీన్ లేని గుంపును కూడా అలాంటి పెట్టెలోనే అంతే సేపు ఉంచుతామని చూపించాను. పశువైద్యులు ఊహించినట్టే జనరేటరు గురించి అడిగి, తూలుతున్న ఎలుకను ఎప్పుడు బయటికి తీస్తారో కాగితం మీద రాయమన్నారు. శాస్త్రేతర సభ్యులుగా ఉన్న విశ్రాంత ఉపాధ్యాయులు మాత్రం సూటిగా, "ఎలుక సంగతి తెలిస్తే మన పోరగాళ్ల సంగతి ఎట్ల తెలుస్తది బిడ్డా?" అన్నారు.

అది న్యాయమైన ప్రశ్న. సొల్యూషన్ పీల్చే పిల్లవాడిలో ఆకలి, నిద్రలేమి, ఇంటి దెబ్బలు, వేరే మత్తులు కలగలిసి ఉంటాయి. అతని పరధ్యానానికి ఏది కారణమో విడదీయలేము. ఎలుకల్లో మిగతావన్నీ సమానంగా ఉంచి ఒక్క ఆవిరినే మార్చవచ్చు. మెదడులో నేర్చుకోవడానికి ముఖ్యమైన ఎన్‌ఎండీఏ గ్రాహకాలను (నాడీకణాల మీద సంకేతాలు అందుకునే భాగాలను) టోలీన్ అడ్డుకుంటుందని ఇప్పటికే తెలుసు కాబట్టి, చూడవలసిన చోటు కూడా తెలుసు. పిల్లలకు చికిత్స ఇందులోంచి రాదని కూడా ఆయనకు చెప్పాను.

తక్కువ మోతాదు గుంపు ఫలితాలు చూపించాకే ఎక్కువ మోతాదు మొదలుపెట్టాలన్న షరతుతో కమిటీ అనుమతి ఇచ్చింది. ఎలుకలు రాగానే ముందుగా వాటికి దీపం ఆట నేర్పాలి. దానికే కొన్ని వారాలు పడుతుంది.