టోపీ కొనుక్కుని మా ఊరొచ్చిన పార్వతీశం

2020 మార్చి 20, శుక్రవారం, ఇక్కడ, స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరాలో, బళ్ళు మూసేశారు. సోమవారం రాత్రికి లాక్‌డౌన్ అన్నారు. బుధవారం ఉగాది. ఈ ఊళ్ళో వేపపువ్వు ఎలాగూ దొరకదు. ఆ శార్వరి ఉగాదికి మామిడికాయ కూడా లేక, పుల్ల ఆపిల్ ముక్కలతోనే పచ్చడి అయిందనిపించాను. మా చిన్నాడు చెంచాడు నాకి, మొహం చిట్లించి, "ఇది కూడా హోమ్‌వర్కేనా?" అన్నాడు.

వాడి తప్పేం లేదు. ఆ వారంలో నేను ఇంట్లో ఉన్న ప్రతిదాన్నీ హోమ్‌వర్క్ చేసిపెట్టాను. వాట్సాప్ గ్రూపుల్లో పీడీఎఫ్‌ల వాన కురుస్తోంది. గుణింతాల షీట్లు, నీతి కథలు, మిషను గొంతుతో "అనగనగా ఒక అడవిలో" అనే వీడియోలు. ఖాళీ దొరికింది కదా, పిల్లల తెలుగుని ఈ దెబ్బతో ఓ దారిలో పెట్టేద్దామని అన్నీ ప్రింట్ తీశాను. ఆదివారం తెలుగు తరగతి జూమ్‌లోకి మారింది. పద్నాలుగు మంది పిల్లలూ ఒకేసారి మాట్లాడితే పంతులమ్మగారు పాపం "మ్యూట్ నాన్నా, మ్యూట్" అనడంతోనే గంట గడిచిపోయేది. పదేళ్ళ మా పెద్దది ఆ షీట్ల వెనక్కి తిప్పి బొమ్మలేసుకుంది. ఆరేళ్ళ చిన్నాడు విమానాలు చేశాడు.

లాక్‌డౌన్‌లో పిల్లలకి తెలుగులో ఏం చూపించారు, ఏం చదివించారు అని ఇప్పటికీ అడుగుతుంటారు. నేను చెప్పేవి నాలుగైదే. అన్నీ మా ఇంట్లో నెగ్గినవి. నెగ్గించింది మాత్రం నేను కాదు, మా అమ్మ.

అమ్మ నరసాపురంలో ఒక్కతే ఉంటుంది. మార్చి 28 నుంచి దూరదర్శన్‌లో పాత రామాయణం మళ్ళీ మొదలైంది, పొద్దున తొమ్మిదికీ రాత్రి తొమ్మిదికీ. ఆ రెండు గంటలూ మాకు ఫోన్ ఉండదు. మర్నాడే మాకు గడియారాలు గంట ముందుకి జరిగాయి కాబట్టి, ఇక్కడ మధ్యాహ్నం మూడున్నర అంటే అక్కడ రాత్రి ఎనిమిది. అన్నం తినేసి, రాముడొచ్చే లోపు మాతో మాట్లాడేది. ఆవిడకి వీడియో కాల్ అంటే ఫోన్ చెవికి ఆనించుకోవడమే. కాబట్టి నెలల తరబడి మా పిల్లలు రోజూ చూసింది అమ్మమ్మ చెవిని, దానికున్న ఏడురాళ్ళ దుద్దుని.

మూడో రోజుకే మాటలైపోయాయి. తిన్నారా, తిన్నాం. చలిగా ఉందా, ఉంది. అప్పుడు అమ్మ "ఉండండి, మీ ఊరొచ్చినవాడి కథ చదువుతా" అని లోపలికెళ్ళి, అట్ట ఊడి దారంతో కట్టిన 'బారిస్టర్ పార్వతీశం' తెచ్చింది. మొక్కపాటి నరసింహశాస్త్రి రాసిన ఆ నవల మొదటి భాగం 1924 నాటిది. మొగల్తూరు కుర్రాడు బారిస్టరు చదవడానికి సీమకి, అంటే బ్రిటన్‌కి, బయల్దేరతాడు. మొగల్తూరంటే మా నరసాపురం పక్కనే. చివరికి చేరేది ఎడిన్‌బరా. ఇన్నేళ్ళు ఇక్కడుండి ఈ పుస్తకం పిల్లలకి చెప్పాలని నాకు తట్టనే లేదు. అది 'పెద్దవాళ్ళ పుస్తకాల' అరలో ఉండిపోయింది మరి.

పార్వతీశం మద్రాసులో దొరల టోపీ అనుకుని ఆడవాళ్ళ టోపీ కొనుక్కుని పెట్టుకునే చోట చిన్నాడు సోఫా మీంచి కిందపడి నవ్వాడు. ఆ పేజీ మూడు రోజులు వరసగా చదివించుకున్నాడు.

"దొర అంటే?" అని పెద్దది అడిగింది.

"మీ ఊరివాళ్ళేనే."

"అయితే మా టీచర్ దొరా?"

"ఆవిడ దొరసాని."

అప్పట్నుంచీ ఆ టీచరమ్మ మా ఇంట్లో దొరసానిగారే. బడి తెరిచాక నోరు జారతారేమోనని నాకు టెన్షన్. పాత తెలుగు పుస్తకాల్లో ఈ ఊరిని 'ఎడింబరో' అని రాసేవారు. ఇండియాలో మావాళ్ళంతా 'ఎడిన్‌బర్గ్' అంటారు. "అమ్మమ్మ పుస్తకమే కరెక్ట్, మిగతావాళ్ళకి పలకడం రాదు" అని పెద్దది తీర్పు చెప్పేసింది. నిజమే, ఇక్కడివాళ్ళు పలికేది దాదాపు అలాగే.

అయితే ఈ పుస్తకాన్ని ఉన్నదున్నట్టు పిల్లల చేతికి ఇచ్చేయమనను. వందేళ్ళ నాటిది, అప్పటి మనుషుల చూపు అందులో ఉంటుంది. కొన్నిచోట్ల అమ్మ దాటేసింది. కొన్నిచోట్ల ఆగి "అప్పుడలా అనుకునేవాళ్ళు, తప్పే" అంది. అలా పక్కన కూర్చుని చదివే మనిషి ఉంటే ఇది చాలా మంచి పుస్తకం. వాక్యాలు పొడుగు, మాటలు పాతవి, పిల్లలకి సగమే అర్థమవుతుంది. ఆ సగంతోనే నవ్వుకుంటారు.

చందమామ సంగతి అటూ ఇటూ అయింది. 1947 నుంచి వచ్చిన పాత సంచికలు చాలావరకు స్కాన్లుగా ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతాయి. నేను మహా ఉత్సాహంగా టాబ్లెట్‌లో తెరిచి ఇచ్చాను. చదవడం పది నిమిషాల్లో అటకెక్కింది. బొమ్మలు మాత్రం పట్టుకున్నాయి, ముఖ్యంగా శంకర్ వేసిన విక్రమార్కుడు: చేతిలో కత్తి, భుజం మీద శవం. అప్పుడు వీధిలో ప్రతి ఇంటి కిటికీకీ పిల్లలేసిన ఇంద్రధనుస్సులు అంటించి ఉండేవి. మావాడు మా కిటికీకి శవాన్ని మోసే రాజుని అంటించాడు. ఎదురింటి పెద్దావిడ గురువారం రాత్రి ఎనిమిదింటికి అందరితోపాటు నర్సుల కోసం చప్పట్లు కొట్టడానికి బయటికొచ్చి, ఆ బొమ్మ చూసి, చప్పట్లు ఆపేసి, వీధి అవతలి నుంచే "అంతా బాగానే ఉన్నారా?" అని అడిగింది. రోజులు అలాంటివి మరి. అది కథలో బొమ్మేనని అరిచి చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది.

చిన్నాడికి సొంతంగా చదవడానికి పనికొచ్చింది ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ వెబ్‌సైటు. ఉచితం. తెలుగు ఎంచుకుని, మొదటి స్థాయి అని పెడితే పేజీకి ఒకటి రెండు వాక్యాలుండే బొమ్మల కథలొస్తాయి. దించుకోవచ్చు, ప్రింట్ తీసుకోవచ్చు. అనువాదాలు కొన్ని పేలవంగా ఉంటాయి, ఒకసారి మీరు చదివి చూసి ఇవ్వండి.

సినిమా అంటే నేను చెప్పేది ఒక్కటే, 1957 నాటి మాయాబజార్. మేం నాలుగు రాత్రులు చేసి చూశాం. 2010లో రంగులద్దిన ప్రతి ఉంది కానీ నా ఓటు నలుపు తెలుపుకే. కెమెరామన్ మార్కస్ బార్ట్‌లీ తీసిన వెన్నెలకి రంగెందుకు? ఘటోత్కచుడి భోజనానికి నవ్వుతారని తెలుసు, నవ్వారు కూడా. నేను ఊహించనిది ప్రియదర్శిని పెట్టె. అది తెరిస్తే ఎవరికి ఏది ప్రియమో అది కనబడుతుంది. శశిరేఖకి అభిమన్యుడు కనిపించాడో లేదో, "ఫేస్‌టైమ్!" అని ఇద్దరూ ఒకేసారి అరిచారు. కృష్ణుడికి శకుని ఎందుకు కనిపించాడన్న దాని మీద మర్నాడు మూడున్నరకి అమ్మమ్మతో పెద్ద వాదన. పెద్దదానికి తెలుగులో వాదించడం అప్పుడే వచ్చింది. మాట దొరక్క ఇంగ్లీషులోకి దూకితే ఆవిడ "నాకు వినపడట్లేదే" అనేది. ఆవిడ చెవులు శుభ్రంగా పనిచేస్తాయి.

ఫాలో అవ్వండని చెప్పడానికి నా దగ్గర చానళ్ళు ఎక్కువ లేవు. వంటకి విస్మయ్ ఫుడ్ అనే యూట్యూబ్ చానల్ చూస్తూ పెద్దది పులిహోర కలపడం నేర్చుకుంది. కొలతలు తెలుగులో వినాలి కదా, "చెంచా", "చిటికెడు", "గుప్పెడు" అలా నోటికొచ్చాయి. పిల్లలు పడుకున్నాక గిన్నెలు తోముకుంటూ నేను ఈమాట వెబ్ పత్రికలో దాచిపెట్టిన పాత రేడియో నాటకాలు వినేదాన్ని. అది నా కోసం. ఇంట్లో అందరికీ ఏదో ఒకటి ఏర్పాటు చేసే అమ్మలు తమకోసం ఏదీ పెట్టుకోరు, అందుకని చెబుతున్నా.

జూలైలో కాస్త వెసులుబాటు వచ్చాక సౌత్ బ్రిడ్జ్ మీద ఉన్న యూనివర్సిటీ ఓల్డ్ కాలేజీ దగ్గరికి తీసుకెళ్ళాను. గేటు మూసి ఉంది. సన్నగా జల్లు పడుతోంది. చిన్నాడు ఊచల్లోంచి లోపలికి తొంగిచూస్తూ అమ్మమ్మకి వీడియో కలిపాడు.

"పార్వతీశం ఊరు చూపిస్తున్నావా? ఆ టోపీ కొట్టు ఎక్కడుందో చూడరా," అంది అమ్మ.

వాడు ఫోన్ మీద పడ్డ చినుకులు చొక్కాతో తుడిచి, "టోపీ ఇక్కడ కాదు అమ్మమ్మా, మద్రాసులో కదా కొన్నాడు! నువ్వే చదివావు, మర్చిపోయావా?" అన్నాడు.

తెర మీద చెవి తప్ప ఏమీ కనబడటం లేదు. దుద్దు మాత్రం ఊగుతోంది.